దేవుడి చెవి

స్టేట్ వీధిలోని బీమా కంపెనీ స్విచ్‌బోర్డు ముందు ఓపల్ మేబ్రీకి కుర్చీ దొరికిన నాటితో ఆమె కష్టాలు గట్టెక్కాయని పాఠకులు తలచి ఉంటారు. ఓపల్ కూడా అలాగే తలచింది. మిసిసిపీ పత్తిచేలు విడిచి, తనకంటే ముందే షికాగో చేరి జాడ తెలియకుండా పోయిన అన్న లూషియస్‌ను వెదుక్కుంటూ వచ్చిన ఆ పిల్లకు, అన్న దొరకకపోయినా అన్నం దొరికింది. అంతలో, కంపెనీ ఏజెంట్లందరి మీద పెత్తనం చేసే హొరేస్ డ్యుప్రీ ఆమెపై ఫిర్యాదు చేశాడు. టెలిఫోనులో ఆమె తనతో వీధిభాష మాట్లాడిందట, సారా పార్టీకి రమ్మని పిలిచిందట. ఆ నింద నిలిస్తే ఉద్యోగంతో పాటు మంచిపేరూ పోతుంది. మంచిపేరు లేని ఆపరేటరును ఆ నగరంలో ఏ నల్లవారి కంపెనీ చేర్చుకోదు, తెల్లవారి కంపెనీ గుమ్మమే ఎక్కనివ్వదు. కిందటి వారం మనం ఓపల్‌ను మేనేజరు గది బయట బల్లమీద కూర్చోబెట్టి వచ్చాము. ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదు.

తెరుచుకోని తలుపు కంటే ఆమెను ఎక్కువగా భయపెట్టింది తన కోటు.

పొద్దున ఆపరేటర్ల గదిలో కొక్కేనికి తగిలించిన కోటు, మధ్యాహ్నానికి బొగ్గుల పెరటి వైపు తెరుచుకునే పక్కతలుపు దగ్గర ఒంటరిగా వేలాడుతూ కనిపించింది. ఆ కంపెనీలో ఉద్యోగం ఊడినవాళ్ళు ముందు గుమ్మం గుండా వెళ్ళరు. పాలరాతి మెట్ల మీద ఏడుపు ముఖాలు కనిపిస్తే పాలసీదారులకు దిగులు పుడుతుందని ఎవరో ఎన్నడో పెట్టిన ఆచారం. తీర్పు ఇంకా వెలువడనే లేదు. కోటు మాత్రం ముందే నడిచిపోయింది.

"పోర్టరు మార్చాడట. డ్యుప్రీ చెప్పాడట," అంది వెర్నెల్ స్టోక్స్, నీళ్ళ గ్లాసు ఓపల్ చేతిలో పెడుతూ. స్విచ్‌బోర్డు దగ్గర వెర్నెల్‌ది పక్క కుర్చీ. మంచినీళ్ళ నెపంతో ఆమె అప్పటికే ఆ వరండాలోకి చాలాసార్లు వచ్చింది. "ముఖం అలా పెట్టకే. ఇంకా పాడె కట్టలేదు."

"కట్టడమొక్కటే తక్కువ. మిస్ ప్రాథర్ లోపలికెళ్ళిందా?"

"ఎప్పుడో వెళ్ళింది. చేతికి తొడుగులు కూడా వేసుకుని మరీ. ఆవిడ తొడుగులు వేసుకుందంటే ఎవరికో మూడిందన్నమాటే."

"నాకే."

ఆపరేటర్లందరికీ పెద్ద అయిన మిస్ కోర్డీలియా ప్రాథర్‌కు వీధిభాష అంటే ఎంత మంటో తెలియనివారు ఆ భవనంలో లేరు. బోర్డు ముందు కూర్చున్న పిల్ల నోట "నంబరు చెప్పండి," "కలుపుతున్నాను," "ఆ లైను ఖాళీ లేదు, మన్నించండి" వంటి నియమిత వాక్యాలు తప్ప మరేదీ రాకూడదు. బోర్డు దగ్గరే కాదు, ఆ గదిలో ఎక్కడైనా ఒక వీధిమాట దొర్లితే ఆవిడ తల ఎత్తకుండానే, "మళ్ళీ చెప్పండి, మనుషుల భాషలో," అనేది. ఆ మాట అన్న పిల్ల లేచి నిలబడి అదే సంగతిని సవ్యమైన మాటల్లో చెప్పి కూర్చోవాలి. ఆ రోజుల్లో షికాగో దక్షిణపు వాడలో పిల్లలకు ప్రతి వస్తువుకూ ఒక కొంటెపేరు ఉండేది. కళ్ళజోడును 'మోసగాళ్ళు' అనేవారు, సారాను 'నవ్వునీళ్ళు' అనేవారు, పిల్లకు తోడు వచ్చే పెద్దదిక్కును 'నిప్పార్పే బకెట్' అనేవారు. ఆ గదిలో నోరు విప్పడమంటే ముళ్ళకంప మీద చీర ఆరేసుకోవడమే.

అటువంటి మనిషి తన పక్షాన నిలుస్తుందని ఓపల్‌కు కలలో కూడా తోచలేదు. పైగా తాను వీధిభాష మాట్లాడిన మాట నిజం.

చిన్నప్పుడు తప్పు చేసి అమ్మ ముందు నిలబడ్డప్పుడు పక్కన లూషియస్ ఉండేవాడు. అమ్మ ఎంత తిట్టినా వాడు ముందు ముక్కుతో చిన్నగా నవ్వి, "వింటూ...న్నానమ్మా, రేకుల మీద వానలా వింటున్నా," అని సాగదీసేవాడు. ఆ సాగతీతకు అమ్మ కోపం సగం నీరుగారిపోయేది. ఇప్పుడు వాడు పక్కన ఉంటే బాగుండునని ఓపల్ అనుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది.

మేనేజరు అంబ్రోజ్ విట్లో మంచివాడే. అయితే మంచితనానికి వెన్నెముక ఉండాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. కంపెనీకి వచ్చే డబ్బులో పెద్ద భాగం డ్యుప్రీ ఏజెంట్లు వారం వారం గడప గడపకూ తిరిగి వసూలు చేసి తెచ్చేదే. అందుచేత డ్యుప్రీ ఆ గదిలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు, విట్లో బల్ల వెనుక ఒదిగి కూర్చున్నాడు. కిటికీ పక్కన మిస్ ప్రాథర్, నల్లని ఉన్ని గౌనులో, తొడుగుల చేతులు ఒడిలో పెట్టుకుని, నిటారుగా.

డ్యుప్రీ అప్పటికే తన కథ ఒకసారి చెప్పాడు. ఓపల్ రాగానే, ఆమె ముఖంలోకి చూస్తూ, మళ్ళీ చెప్పాడు. అతను జుట్టుకు పట్టించిన సుగంధపు జిడ్డు వాసన గదంతా నిండి ఉంది.

"నేను మర్యాదగా నంబరు అడిగానండీ, మిస్టర్ విట్లో. ఈ పిల్ల ఏమందో తెలుసా? శనివారం పార్టీ ఉందంది. నవ్వునీళ్ళు దొరుకుతాయంది. నాలాంటి సంసారిని పట్టుకుని. నేను చీవాట్లు పెడితే, తోక తరుముకోమంది. చర్చిలో పద్దులు చూసేవాణ్ణి, నన్ను. పత్తిచేలనుంచి నిన్న మొన్న వచ్చిన వాళ్ళని తెచ్చి బోర్డు ముందు కూర్చోబెడితే ఇంతే మరి."

"మిస్ మేబ్రీ," అన్నాడు విట్లో, ఆమె వైపు చూడకుండా. "వీధిభాష మాట్లాడారా, లేదా?"

"మాట్లాడాను సర్."

డ్యుప్రీ చేతులు చాచాడు, ఇక చెప్పేదేముంది అన్నట్టు.

"పార్టీకి పిలిచారా?"

"లేదు సర్. పిలిచింది ఆయన. ఇంకా చాలా అన్నారు."

"ఏమన్నారు?"

ఓపల్ నోరు తెరిచింది. ఆ మాటలన్నీ గొంతులోనే ఉన్నాయి, ఒక్కటీ పెదవి దాటలేదు. ముగ్గురు పెద్దల ముందు వాటిని తన నోట పలికితే అవి తన మాటలే అయిపోతాయనిపించింది. "నా నోటితో చెప్పలేను సర్," అంది చివరికి.

"చూశారా మరి," అన్నాడు డ్యుప్రీ జాలిగా.

విట్లో కలం అందుకున్నాడు. అప్పుడు కిటికీ పక్కనుంచి మాట వినిపించింది.

"బ్రదర్ డ్యుప్రీ, మీరు చెప్పవలసింది అయిపోయిందా?"

"అయిపోయిందండీ, మిస్ ప్రాథర్."

"ఏమైనా కలపాలని గాని, తీసివేయాలని గాని లేదు కదా? ఆలోచించి చెప్పండి. తొందరేమీ లేదు."

"సత్యానికి కలిపేదేముందండీ, తీసేదేముంది."

"మంచిది." ఆవిడ లేచి నిలబడింది. "మిస్టర్ విట్లో, ఆ సంభాషణ మొదటి మాట నుంచి నేను విన్నాను."

వాచీ గొలుసుతో ఆడుకుంటున్న డ్యుప్రీ వేలు ఆగిపోయింది.

ఆపరేటర్ల గదిలో మిస్ ప్రాథర్ బల్ల అడుగున ఒక చిన్న పెట్టె ఉంది. దాని రంధ్రాల్లో ప్లగ్గు పెడితే ఏ పిల్ల ఏ లైనులో ఏమి మాట్లాడుతోందో ఆవిడ చెవికి తెలుస్తుంది. ఆ ప్లగ్గు పెట్టినప్పుడు చప్పుడు ఉండదు, దీపం వెలగదు. పిల్లలు దానిని 'దేవుడి చెవి' అని పిలుచుకునేవారు. ఆ సంగతి పిల్లలందరికీ తెలుసు, ఎప్పుడో ఆ పెట్టె పెట్టించి మరచిపోయిన విట్లోకూ తెలుసు. డ్యుప్రీకి తెలియదు. ఏజెంట్లెవ్వరూ ఆపరేటర్ల గది గడప తొక్కరాదన్నది మిస్ ప్రాథర్ నియమం. తొక్కనివాడికి ఆ గదిలో ఏముందో ఎలా తెలుస్తుంది?

"విన్నారూ... మంచిది," అన్నాడు డ్యుప్రీ, నవ్వు తిరిగి తెచ్చుకుంటూ. "విన్నా ఏం గుర్తుంటుందిలెండి. ఎన్ని రోజులైంది. పైగా మీలాంటి పెద్దమనిషికి ఆ బజారు మాటలు అర్థమే కావు."

"ప్రతి ఒక్కటీ అర్థమవుతుంది. ఇన్నేళ్ళుగా ఈ పిల్లల నోళ్ళలోంచి వాటిని ఏరి పారేస్తున్నది నేను. రాయి తెలియని వాళ్ళు బియ్యంలో రాళ్ళు ఏరలేరు."

"గుర్తు సంగతి..." అని డ్యుప్రీ మళ్ళీ అందుకోబోయాడు.

"గుర్తు సంగతి నేను చెబుతాను," అన్నాడు విట్లో. ఆ గదిలో ఆయన గొంతు స్థిరంగా వినిపించడం అదే మొదలు.

ఎందుకంటే విట్లో తల్లి చివరి సంవత్సరాలు మంచం మీదే గడిపింది. చర్చికి రాలేని ముసలివాళ్ళ ఇళ్ళకు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మిస్ ప్రాథర్ వెళ్ళేది. మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఉదయం పాస్టరు చేసిన ప్రసంగాన్ని ఆసాంతం అప్పజెప్పేది. కాగితం ముక్క ఉండేది కాదు. పాస్టరు ఎక్కడ గొంతు పెంచితే అక్కడ పెంచేది, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటే అక్కడ ఆగేది. ఒక ఈస్టరు నాడు పాస్టరు పొరపాటున పేతురు అనవలసిన చోట పౌలు అని నాలుక కరచుకున్నాడు. చర్చిలో కూర్చుని ఆ మాట విన్న విట్లో, మధ్యాహ్నం తల్లి మంచం దగ్గర ఆ పొరపాటునూ, ఆ తరువాత పాస్టరు దగ్గిన దగ్గునూ తిరిగి విన్నాడు. ఆ దక్షిణపు వాడలో సగం మంది ముసలివాళ్ళు దేవుని వాక్యాన్ని ఆవిడ నోటనే విని కన్నుమూశారు.

"చెప్పండి, మిస్ ప్రాథర్," అన్నాడు విట్లో. "మీరు అప్పజెబితే అది జరిగినట్టే."

"ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మీకు అర్థం కాని చోట మనుషుల భాషలోకి మార్చి చెబుతాను. నా గదిలో అందరికీ ఉన్న నియమమే."

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి భుజాలు కొంచెం వాలాయి, గొంతు దిగింది. ఆ మడత నలగని గౌనులోంచి హొరేస్ డ్యుప్రీ మాట్లాడుతున్నాడు.

"'ఏం షీబా, ఎలా ఉన్నావు? నీ గొంతుంది చూశావూ, అది తేనెటీగ మోకాలే పిల్లా, పిల్లి పైజామానే.'" వెంటనే తన సొంత గొంతుతో, "అనగా, ఓ సుందరీ, నీ గొంతు బాగుంది అని. ఇంతవరకు నేరం లేదు, వెకిలితనమే. మిస్ మేబ్రీ అన్నది: 'నంబరు చెప్పండి సర్.'"

విట్లో తల ఊపాడు.

"'నంబరెందుకే, నీ నంబరే కావాలి. శనివారం ముప్పై అయిదో వీధిలో అద్దె పార్టీ. పియానో పగిలిపోద్ది. నవ్వునీళ్ళు కడవలతో ఉంటాయి. ఆ నిప్పార్పే బకెట్‌ని ఇంట్లో పడేసి ఒక్కదానివే రా.' అనగా, ఇంటద్దె కోసం డబ్బులు పోగుచేస్తూ చట్టం నిషేధించిన సారా పోసే చోటికి, తోడు వచ్చే పెద్దదిక్కును వదిలేసి ఒంటరిగా రమ్మని. మిస్ మేబ్రీ: 'నంబరు చెప్పండి సర్.' రెండవసారి."

"ఇది అన్యాయమండీ, నేనిలా..." అంటూ డ్యుప్రీ లేచాడు.

"కూర్చోండి, బ్రదర్ డ్యుప్రీ. మీ ప్రసంగం ఇంకా అవలేదు." ఆవిడ మళ్ళీ గొంతు దించింది, మధ్యలో డ్యుప్రీ వేసే చిన్న ఈల కూడా వేసింది. "'బెట్టు చేయకు. నీ రొట్టె మీద వెన్న రాసేదెవరనుకున్నావు? ఆ పెద్ద జున్నుగడ్డ నా జేబులో ఉంది. నేను గిచ్చితే ఏడుస్తాడు, జోకొడితే నవ్వుతాడు. నేనొక్క మాట చెప్పానంటే నీకు వెన్న కాదు గదా, ఎండురొట్టె కూడా మిగలదు. పోయిన శరత్కాలంలో ఆ హెస్టర్ పిల్లకి ఏమైందో అడిగి తెలుసుకో.'"

"ఇందులో ఒకటి తెలియలేదు," అన్నాడు విట్లో, నెమ్మదిగా. "పెద్ద జున్నుగడ్డ అంటే?"

"మీరు, సర్."

విట్లో ముఖం చెవులదాకా కందిపోయింది. మిస్ ప్రాథర్ ఆయనకు తేరుకునే వ్యవధి ఇచ్చి, కొనసాగించింది.

"మనుషుల భాషలో ఇదంతా ఒక్క వాక్యం. నాతో రాకపోతే నీ కూడు తీస్తాను, ఇంతకు ముందు ఒకదానికి తీశాను. దీనికి మిస్ మేబ్రీ ఇచ్చిన జవాబు కూడా అప్పజెబుతాను, ఆమె తప్పును నేను దాచను. 'అదంతా అరటిపండు నూనె సర్. పోయి ఆ స్వీనీకి చెప్పుకోండి. నంబరు చెబితే కలుపుతా, లేదంటే మీ తోక మీరే తరుముకోండి.' అనగా, మీ మాట నమ్మను, నమ్మే అమాయకుడెవడైనా ఉంటే వాడితో చెప్పుకోండి, నా పనికి అడ్డు రాకండి. ఆ తరువాత ఆయన నంబరు చెప్పాడు. ఆమె కలిపి, నియమం ప్రకారం లైను విడిచింది."

ఓపల్ నేల చూపులు మానేసింది. తాను పలకలేని మాటలన్నీ మరొకరి నోట బయటికి వచ్చి, బల్ల మీద పరిచినట్టు, ఎవరివి వారికి చేరిపోయాయి. గుండెల మీద ఎన్నాళ్ళ నుంచో కూర్చున్న బండ ఏదో పక్కకు దొర్లింది.

"హాస్యానికన్నానండీ," అన్నాడు డ్యుప్రీ. అరచేతులు గీరుకుంటున్నాడు. "ఈ రోజుల్లో అందరూ మాట్లాడేదే కదా. ఆ పిల్లా అదే భాష మాట్లాడింది. నన్నొక్కణ్ణే పట్టుకుంటారేం?"

"భాషకు శిక్ష వేయమని నేను అడగడం లేదు. ఒకే గొడ్డలి; ఆమె తన వాకిట కంచె కట్టుకోవడానికి వాడింది, మీరు ఆ కంచె నరకడానికి వాడారు." మిస్ ప్రాథర్ విట్లో వైపు తిరిగింది. "సర్, నేను ముందే వచ్చి మీతో చెప్పవచ్చు. చెబితే ఈయన తన కథను నా కథకు సరిపడేలా కత్తిరించుకుని వచ్చేవాడు. అందుకే ఆయనను రెండుసార్లు చెప్పనిచ్చాను. ఈ పిల్ల ఇన్ని రోజులు కుమిలింది. అది నేను వేసిన భారం, దానికి నేను బదులు చెప్పుకుంటాను. కాని హెస్టర్ విషయంలో నా చెవి ఆ రోజు వేరే లైను మీద ఉంది. ఆ పిల్ల ఆ పక్కతలుపు గుండా వెళ్ళింది. ఆమెకు ఈ పూటే కబురు వెళ్ళాలి, ఆమె కుర్చీ ఆమెకు రావాలి. అది జరగకపోతే నా తాళాలు కూడా ఈ బల్ల మీదే ఉంటాయి."

జేబులోని మనిషి జేబులోంచి బయటికి రావడానికి కొంత సమయం పడుతుంది. చివరికి విట్లో కలం మూత పెట్టాడు.

"మిస్టర్ డ్యుప్రీ, మీ తాళాలు ఇక్కడ పెట్టండి. ఏజెంట్ల లెక్కలన్నీ నాకు అప్పగించేదాకా ఈ గది దాటకండి. మిస్ మేబ్రీ, మీరు మీ బోర్డు దగ్గరికి వెళ్ళండి. హెస్టర్ ఇంటికి కబురు నేనే పంపుతాను." కొంచెం ఆగి, "క్షమించండి," అన్నాడు. ఎవరిని క్షమించమన్నాడో స్పష్టంగా చెప్పలేదు. ఇద్దరు స్త్రీలూ తమనే అని తీసుకున్నారు.

ఆపరేటర్ల గదికి ఆ వార్త ఓపల్ కంటే ముందే చేరింది. వెర్నెల్ నీళ్ళ గ్లాసును తలుపుకు ఆనించి, దానికి చెవి ఆనించి, మొత్తం విన్నది.

"ఒసే, పిల్లి పైజామా అంది. మన ముసలావిడ. నా చెవులతో విన్నా, దేవుడి తోడు. ఆ సోకుల షీకుగాడు డ్యుప్రీ నీరుగారిపోయాడు. ఓపల్ నిలిచింది. ఆవిడేమో తేనెటీగ మోకాళ్ళు, ఎనిమిది మోకాళ్ళూనూ..."

"తేనెటీగకు కాళ్ళు ఆరే, మిస్ స్టోక్స్," అంది గుమ్మంలోంచి మిస్ ప్రాథర్. "మళ్ళీ చెప్పండి. మనుషుల భాషలో."

వెర్నెల్ లేచి నిలబడింది. "మిస్ మేబ్రీ నిర్దోషి అని తేలింది. మిస్టర్ డ్యుప్రీ పదవి పోయింది. మిస్ ప్రాథర్ చాలా గొప్పవారు."

"చివరి వాక్యం అనవసరం. కూర్చోండి." తన బల్ల దగ్గరికి వెళుతూ ఆవిడ ఓపల్ పక్కన ఆగింది. "మిస్ మేబ్రీ, మీరు నియమిత వాక్యాలు దాటారు. వచ్చే వారమంతా ముందుగా వచ్చి బోర్డు తీగలన్నీ తుడవాలి."

"సరేనండీ," అంది ఓపల్. ఆ శిక్ష ఆమె చెవికి పాటలా వినిపించింది. వచ్చే వారం అనే మాట అందులో ఉంది.

సాయంత్రం దాకా ఆమె వేళ్ళు బోర్డు మీద నాట్యమాడాయి. నంబరు చెప్పండి, కలుపుతున్నాను, మన్నించండి. ఆ పాత వాక్యాలే, కాని ఈసారి అవి గోడల్లా కాక, పైన కప్పులా అనిపించాయి. పని ముగిసే గంట మోగాక పిల్లలందరూ టోపీలు పెట్టుకుని కబుర్లాడుకుంటూ ముందు గుమ్మం వైపు వెళ్ళారు. కోటు కోసం ఓపల్ పక్కతలుపు వైపు తిరిగింది.

"అటు వెళ్ళవద్దు," అంది మిస్ ప్రాథర్.

ఆవిడ ఇంకా బల్ల దగ్గరే కూర్చుని ఉంది. తొడుగులు తీసి పక్కన పెట్టింది.

"ఆ సంభాషణలో రెండో భాగం ఒకటి ఉంది. అది ఆ గదిలో చెప్పలేదు, ఎందుకంటే దానిని వినే హక్కు నాకు లేదు. మీరు లైను కలిపి విడిచారు; నేనూ విడవాలి. విడవలేదు. డ్యుప్రీ ఎవరితోనో మీ గురించి మాట్లాడాడు. పేరు చెప్పలేదు, మూడో బోర్డు పిల్ల అన్నాడు. నేను ఫిర్యాదు చేస్తాను, విచారణ నాడు ఉద్యోగం పోయి ఏడుస్తూ పక్కతలుపు గుండా బయటికి వస్తుంది, కారు తెచ్చి నిలుపు, కూడు లేని పిల్ల పిలవగానే ఎక్కుతుంది, నా దగ్గరికి తీసుకురా అన్నాడు. విచారణ ఈ రోజే. మీ కోటు అక్కడికి ఎందుకు వెళ్ళిందో ఇప్పుడు తెలిసింది కదా. అందుకే నేను మీతో కలిసి ముందు గుమ్మం గుండా ట్రాం దాకా నడుస్తాను. కోటు రేపు తెచ్చుకోవచ్చు."

ఓపల్ పక్కతలుపు వైపు చూసింది. "ఆ రెండోవాడు... ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు. మనసు లేకుండానే, నాకు అనిపించినంత వరకు. ఆ గొంతు దుర్మార్గుడి గొంతు కాదు, అలసిపోయినవాడి గొంతు. నీ దగ్గర కారు నడిపినన్నాళ్ళూ ఇలాంటివే చేయిస్తావు అన్నాడు. డ్యుప్రీ అరిచాడు. అప్పుడు అతను..."

మిస్ ప్రాథర్ కళ్ళు మూసుకుంది. అప్పజెప్పేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పడం తప్ప ఆవిడకు మరొకటి చేతకాదు. భుజాలు సడలాయి. ముందు ముక్కుతో చిన్న నవ్వు వచ్చింది. ఆ తరువాత మాట వచ్చింది, దక్షిణపు మట్టివాసనతో, సాగుతూ.

"'వింటూ...న్నాను బాబూ. రేకుల మీద వానలా వింటున్నా.'"

ఓపల్ బల్ల అంచు పట్టుకుంది.

"మళ్ళీ చెప్పండి," అంది.

ఆవిడ కళ్ళు తెరిచి చూసింది. అదే నవ్వు, అదే సాగతీత, మళ్ళీ చెప్పింది. ఆ గదిలో అంతకు ముందు ఎన్నడూ ఎవరూ మిస్ ప్రాథర్ చేత ఒక మాట రెండుసార్లు చెప్పించుకోలేదు.

"వాడు బతికే ఉన్నాడు," అంది ఓపల్. ఆమె చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "మా అన్నండీ. ఆ లైను నా చేత్తో నేనే కలిపాను."

మిస్ ప్రాథర్ కొంతసేపు ఆ ముఖంలోకి చూసింది. తరువాత తొడుగులు ఒక్కొక్క వేలే సర్దుకుంటూ తొడుక్కుంది. టోపీ పెట్టుకుని, దానికి సూది గుచ్చుకుంది.

"ఉద్యోగం ఉన్నవాళ్ళు పక్కతలుపు గుండా వెళ్ళడం నియమం కాదు, మిస్ మేబ్రీ," అంది. "అయినా ఇవాళ ఆ నియమం దాటుదాం. నేను ముందు నడుస్తాను. మీరు నా వెనుక ఉండండి."

పక్కతలుపు గడియ బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ కలిసి లాగితే వచ్చింది. కొక్కెం మీది కోటును ఓపల్ చేతిమీద వేసుకుంది, తొడుక్కోలేదు. సరస్సు మీది చలిగాలి ముఖాన కొట్టింది. పెరటి చివర, బొగ్గుల కుప్ప పక్కన, ఒక నల్లకారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. స్టీరింగు వెనుక మనిషి టోపీ కళ్ళమీదికి దించుకుని, ఎవరికోసమో కాక తనకోసమే అన్నట్టు, ఒక పాట ఈల వేసుకుంటున్నాడు. పత్తి ఏరేటప్పుడు అమ్మ పాడే పాట.

తలుపు చప్పుడుకు ఈల ఆగింది. ఏడుస్తూ వచ్చే పిల్ల కోసం అతను, తల ఎత్తకుండానే, కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు.